దీపావళి నుంచి శివరాత్రి దాకా: తిరుపతి, చిత్తూరుల్లో కారు క్లబ్ చల్లబడకుండా చూసుకోవడం

చలికాలంలో కారు క్లబ్ నడపడం గురించి దొరికే సలహాలు ఎక్కువగా మంచు కురిసే దేశాలవి. బండికి కవరు కప్పి షెడ్డులో పెట్టమంటాయి, మార్చిలో బయటికి తీయమంటాయి. మనకు అవి పనికిరావు. తిరుపతి, చిత్తూరుల్లో రోడ్డెక్కే సీజన్ సంక్రాంతి దాటాకే మొదలవుతుంది. దానికి ముందు రెండు నెలలూ ఈశాన్య రుతుపవనాల వానలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు, కార్తీక సోమవారాలు, తిరుచానూరు బ్రహ్మోత్సవాలు, పెళ్ళిళ్ళు, అయ్యప్ప మాలలు, ఆపైన వైకుంఠ ఏకాదశి రద్దీ. దసరాకు కళకళలాడిన క్లబ్ సంక్రాంతి నాటికి వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మలకు దిగిపోయిందంటే కారణం మామూలుగా ఒకటే: కలవడమంటే లాంగ్ డ్రైవే అనుకున్నారు. మొదటి డ్రైవ్ వానకు పోతుంది, రెండోదానికి సగంమంది మాలలో ఉంటారు, మూడోదాని ఊసు ఎవరూ ఎత్తరు.

అందుకే లెక్క తిరగేసుకోవాలి. నవంబరు, డిసెంబరు నెలలు బండ్ల పనికి, భోజనాలకు. జనవరి మూడో వారం నుంచి శివరాత్రి దాకా రోడ్డుకు. ఈ ఒక్క మార్పుతో సగం తలనొప్పి పోతుంది.

తేదీ కదలకూడదు, చోటు కదలొచ్చు

నెలకు రెండు కలయికలు చాలు. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం, పొద్దున 6:30 నుంచి 9 వరకు. ఆ వేళే ఎందుకంటే 9 దాటితే బస్టాండు, లీలామహల్, అలిపిరి రోడ్లు యాత్రికుల బండ్లతో నిండిపోతాయి. పైగా 9:30కల్లా ఇల్లు చేరితే ఇంట్లోవాళ్ళకు ఫిర్యాదుండదు. ఈ తేదీలను వానకని మార్చకండి, ఎవరి పెళ్ళికనీ మార్చకండి. ఒకసారి వాయిదా వేస్తే, తర్వాతిసారి కూడా ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరుదామని జనం ఆగిపోతారు.

దీనికి రెండు చోట్లు ముందే మాట్లాడి పెట్టుకోవాలి: పొడిరోజుకు ఒకటి, వానరోజుకు ఒకటి. పొడిరోజు చోటుకు, తిరగడానికి దారితో కలిపి బండికి 25 నుంచి 30 చదరపు మీటర్లు పడుతుంది. ఇరవై బండ్లకు పదిహేను సెంట్లు కావాలి. నేల కాంక్రీటో, గ్రావెలో అయి ఉండాలి. ఎర్రమట్టి నేల అయితే ఒక జల్లుకే చక్రాలు కూరుకుపోతాయి. బాత్రూమ్ లేని చోటు ఎంత అందంగా ఉన్నా వద్దు. ఆడవాళ్ళూ పిల్లలూ రెండోసారి రాకపోవడానికి బాత్రూమ్ లేకపోవడం ఒక్కటి చాలు.

వానరోజుకు కప్పు కావాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్ అడుగుదామని అందరికీ మొదట తోచేది. వద్దు. జోరు వానలో ముందు నిండేది అదే. రేకుల షెడ్డున్న గోడౌన్, ఆదివారం సెలవుండే సర్వీస్ గ్యారేజీ, లేదా కల్యాణ మండపం చూసుకోండి. మండపాల విషయంలో మనకొక వెసులుబాటు ఉంది. కార్తీకం, మార్గశిరాల్లో ముహూర్తాలున్న రోజుల్లో అవి దొరకవు, నిజమే. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం వచ్చాక భోగి దాకా పెళ్ళిళ్ళుండవు కాబట్టి ఖాళీగా ఉంటాయి, అద్దె తగ్గించి అడగొచ్చు. కొండకు దగ్గరగా ఉన్నవాటిని మాత్రం వైకుంఠ ఏకాదశికి, జనవరి 1కి యాత్రికులకు ఇచ్చేస్తారు. చంద్రగిరి రోడ్డులోనో, రేణిగుంట దాటాకో ఉన్నవాటిని అక్టోబరులోనే మాట్లాడుకోవాలి.

వాట్సాప్‌లో రెండు గ్రూపులు పెట్టండి. ఒకటి కబుర్లకు. రెండోది అడ్మిన్ మాత్రమే రాసేది. అందులో తేదీ, వేళ, చోటు, లొకేషన్ తప్ప ఇంకేమీ పడకూడదు. బుధవారం ఎవరెవరు వస్తున్నారని అడగండి, శుక్రవారం రాత్రి 8కి లెక్క కట్టేయండి. భోజనం ఉన్న రోజున డబ్బు కట్టినవాళ్ళనే లెక్కలోకి తీసుకోండి. "వస్తా అన్నా" అన్న మాటను నమ్మి బియ్యం నానబెట్టకూడదు.

నవంబరు: బ్యాటరీ, వైపరు పొద్దు

మొదటి వానల్లో ఇబ్బంది పెట్టేవి రెండే, బ్యాటరీ, వైపర్లు. నవంబరు కలయికను వీటికే కేటాయించండి. ఒక డిజిటల్ మల్టీమీటరు, టైరు గాలి గేజీ, టైరు గాడి లోతు కొలిచే ట్రెడ్ గేజీ, రెండు తువాళ్ళు, ఒక బకెట్, ఒక నోట్‌బుక్కు ఉంటే పని జరిగిపోతుంది. ముగ్గురు బండ్లు చూస్తే ఒకరు రాసుకోవాలి. బండికి పావుగంట పడుతుంది. నాలుగు బండ్లు వరసగా చూస్తుంటే మిగతావాళ్ళు చుట్టూ చేరతారు, మాటలు వాటంతట అవే నడుస్తాయి. కొత్తగా చేరినవాళ్ళకు కలిసిపోవడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదు.

బ్యాటరీ కొలతలో జరిగే పొరపాటు ఏంటంటే, బండి నడిపి వచ్చీ రాగానే మీటరు పెట్టడం. అప్పుడే ఛార్జయిన బ్యాటరీ పైపైన ఎక్కువ చూపిస్తుంది. ఇంజన్ ఆపి హెడ్‌లైట్లు రెండు మూడు నిమిషాలు వెలిగించి ఆర్పేసి, ఐదు నిమిషాలు ఆగి అప్పుడు చూడాలి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. 12.4 కన్నా తక్కువైతే ఇంటికి వెళ్ళి ఛార్జరు పెట్టాలి. తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. ఆ క్షణంలో 9.6 కన్నా కిందికి పడితే, రీడింగు ముందు ఎంత బాగున్నా ఆ బ్యాటరీ వాననాడు మోసం చేసేదే. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.7 మధ్య ఉంటే ఆల్టర్నేటరు బాగున్నట్టు. కొత్త బండ్లలో స్మార్ట్ ఛార్జింగ్ ఉన్నవి ఒక్కోసారి తక్కువ చూపిస్తాయి. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి మళ్ళీ చూడండి. మూతలున్న పాత రకంలో నీళ్ళు తగ్గి ఉంటే గీత దాకా డిస్టిల్డ్ వాటరే పోయాలి. యాసిడ్ పోయకూడదు, క్యాను నీళ్ళూ పోయకూడదు. టెర్మినల్ మీద తెల్లగా పొంగిన పొడిని వేడినీళ్ళలో కలిపిన వంటసోడాతో కడిగి, ఆరబెట్టి, పైన కొద్దిగా వేజలీన్ పూస్తే చాలు.

వైపరు రబ్బరును మన ఎండాకాలమే చంపేస్తుంది. ఏప్రిల్, మే ఎండలకు గట్టిపడిన బ్లేడు నవంబరులో గీతలు గీతలుగా తుడుస్తుంది. ఎడమవైపు, కుడివైపు బ్లేడ్ల పొడవు చాలా బండ్లలో వేరువేరు, కాబట్టి రెండూ కొలిచి కొనండి. బ్లేడు మార్చేటప్పుడు అద్దం మీద మడతపెట్టిన తువాలు పరవాలి. బ్లేడు తీసేసిన వైపరు చెయ్యి స్ప్రింగుతో ఒక్కసారి వెనక్కి పడితే ఇనుప కొన తగిలి విండ్‌షీల్డు పగులుతుంది. ఒక బ్లేడు పనికి ఒక అద్దం ఖర్చు. కొత్త బ్లేడు కూడా దడదడమంటే తప్పు రబ్బరుది కాదు, అద్దం మీద పేరుకున్న జిడ్డుది. షాంపూ నీళ్ళతో రెండుసార్లు రుద్ది కడగండి.

ఇక ఎవరూ చూడనిది: బానెట్‌కూ అద్దానికీ మధ్య జాలీ కింద ఉండే గాడి. వేపచెట్టు కింద నిలిపే బండి అయితే ఆకులతో మూసుకుపోయి ఉంటుంది. ఒక లీటరు నీళ్ళు మెల్లగా పోయండి. ముందు చక్రాల వెనక నుంచి నేలమీదికి కారాలి. కారకపోతే అవి బ్లోయరులోకో, ముందుసీటు కాళ్ళదగ్గరికో చేరుతున్నట్టే. తలుపుల అడుగున ఉండే సన్న రంధ్రాలు కూడా పుల్లతో పొడిచి చూడండి. తలుపు వేసినప్పుడు లోపల నీళ్ళు తొణికిన చప్పుడైతే అవి మూసుకున్నాయని అర్థం.

టైర్లకు చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, టైరులో అరుగుదల హద్దు చూపే టీడబ్ల్యూఐ గుర్తు చెప్పేదీ అదే. వానకు మాత్రం 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చుకోమని చెప్పండి. నీళ్ళను పక్కకు తోసే పని ఆ లోతుదే. స్టెప్నీలో గాలి చూడటం మరవకండి. గాలి లేని స్టెప్నీ మోస్తున్నవాళ్ళు ప్రతి క్లబ్‌లోనూ ఉంటారు.

పాత బండ్లవాళ్ళకు రెండు మాటలు విడిగా చెప్పాలి. అంబాసిడర్, పద్మిని, మారుతి 800 లాంటివాటిని "వారానికి ఒకసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచుతా" అంటారు. దానివల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, సైలెన్సరులో తేమ మిగులుతుంది, సెల్ఫ్‌కు ఖర్చయిన ఛార్జి కూడా తిరిగి ఎక్కదు. పది రోజులకు ఒకసారైనా సరే, అరగంట రోడ్డు మీద నడపాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమ పీలుస్తుంది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. పెట్రోలు పైపులు వేలితో నొక్కి చూడండి. జిగటగా ఉన్నా, పగుళ్ళు కనిపించినా ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించండి. వానకాలంలో వారాల తరబడి హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచితే వెనక డ్రమ్ములు అతుక్కుంటాయి. గేరులో వేసి చక్రాల కింద చెక్కలు పెట్టండి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపలి తేమ బయటికి పోదు, గాలాడే గుడ్డ కవరు మేలు. తడి బండికి ఏ కవరూ కప్పకూడదు.

ఎలుకల సంగతి ఒక్క మాటలో: వానలకు అవి వెచ్చని ఇంజన్లోకి చేరి వైరింగు కొరుకుతాయి. పొగాకు కాడలు కట్టడం వాడుకలో ఉంది గానీ తడికి వాసన పోతుంది. బండి వాడకపోయినా మూడు రోజులకోసారి బానెట్ ఎత్తి చూడటమే మందు.

మాల వేసుకున్నవాళ్ళను వదులుకోకండి

నవంబరు మధ్య నుంచి మకరజ్యోతి దాకా క్లబ్‌లో చాలామంది దీక్షలో ఉంటారు. 41 రోజులు వాళ్ళు రారులే అనుకుంటే మీ మనుషుల్లో పెద్దభాగాన్ని పోగొట్టుకున్నట్టే. నవంబరు, డిసెంబరు భోజనాలన్నీ శాకాహారమే పెట్టండి, కనీసం రెండు వంటకాలు ఉల్లి, వెల్లుల్లి లేకుండా చేయించండి. చాలామంది స్వాములు పూజ ముగించుకునే వస్తారు కాబట్టి 7:30 దాకా ముఖ్యమైన పని మొదలుపెట్టకండి. నాటుకోడి, సంగటి మోజు ఉన్నవాళ్ళను జనవరి దాకా ఓపిక పట్టమనండి.

వాళ్ళకు క్లబ్ చేయగల అసలైన ఉపకారం శబరిమల ప్రయాణానికి బండి చూసిపెట్టడం. ఇక్కడినుంచి వేలూరు, కృష్ణగిరి, సేలం, దిండిగల్, తేని, కుమిలి మీదుగా వెళితే ఒకవైపే దాదాపు 700 కిలోమీటర్లు, చివర ఘాట్. డిసెంబరు మొదటి కలయికను దీనికే పెట్టండి.

బ్రేక్ ప్యాడ్లు చక్రం సందులోంచి టార్చి వేసి చూడాలి. మిగిలిన మందం 4 మిల్లీమీటర్లకు తక్కువైతే వెళ్ళేముందే మార్చాలి, వచ్చాక చూద్దామని కాదు. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళు దాటి ఉంటే మార్పించాలి. అది తేమ పీల్చుకుంటుంది, దిగుడు ఘాట్‌లో బ్రేకులు కాగినప్పుడు ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. కూలెంటు చల్లటి ఇంజన్‌లోనే చూడాలి. జాకీ, పానా, స్టెప్నీ ఉన్నాయని అడిగి వదిలేయకండి, అక్కడే ఒక చక్రం విప్పించండి. టైర్ల షాపులో మిషన్‌తో బిగించిన నట్లు బండిలో ఇచ్చిన చిన్న పానాతో కదలవు. అది అర్ధరాత్రి తేని రోడ్డు మీద తెలుసుకునే సంగతి కాదు.

దీక్షలో చెప్పులుండవు. వానలో తడిసిన ఒట్టికాలు క్లచ్ మీద, బ్రేకు మీద జారుతుంది. డ్రైవరు సీటు దగ్గర పాత తువాలు ఒకటి ఉంచుకుని, ఎక్కగానే అరికాళ్ళు తుడుచుకోమని చెప్పండి. పెడల్ రబ్బర్లు అరిగిపోయి నున్నగా ఉంటే మార్చండి, ఖర్చు పెద్దగా ఉండదు. ఒక బండికి ఇద్దరు డ్రైవర్లు, రెండు గంటలకు ఒకసారి మార్పు, రాత్రి 12 నుంచి 5 వరకు బండి ఆపి నిద్ర. సొంత బండ్లు నిలక్కల్ దగ్గర ఆపి పంబకు కేరళ ఆర్టీసీ బస్సులో వెళ్ళాల్సి రావచ్చు కాబట్టి, సామాను ఆ లెక్కన సర్దుకోమని చెప్పండి.

కార్తీక వనభోజనం

ఇది మనకు సిద్ధంగా ఉన్న క్లబ్ కార్యక్రమం. చిత్తూరు వైపు ఎవరికో ఒకరికి మామిడితోట ఉండనే ఉంటుంది, అందులో ఒక ఉసిరిచెట్టు ఉంటే చాలు. తలకోనలాంటి అడవి చోట్లలో పెట్టాలని సరదా పడతారు గానీ, రిజర్వు అడవిలో పొయ్యి పెట్టకూడదు, నవంబరు వానలకు జలపాతం ఉధృతమైతే లోపలికి వదలరు కూడా.

తోటలో తడి నేల ఉంటుంది కాబట్టి బండ్లు రోడ్డు పక్కన గట్టినేల మీదే ఆపించండి. ఎంత చెప్పినా ఒకరు చెట్టు కిందికి తెచ్చి దిగబడతారు. అప్పుడు యాక్సిలేటరు తొక్కేకొద్దీ చక్రం గుంత తవ్వుకుంటుంది. ఇంజన్ తిప్పే చక్రాల్లో గాలి 18 నుంచి 20 పీఎస్ఐ దాకా తగ్గించి, చక్రాల ముందు గోనెసంచులు పరిచి, రెండో గేరులో మెల్లగా కదిలించాలి. తాడు కట్టాల్సి వస్తే బంపరులోని మూత తీసి, టూల్ కిట్‌లో ఉండే లాగుడు కొక్కీ బిగించండి. కొన్ని బండ్లలో దానికి ఎడమ మర ఉంటుంది, తిరగట్లేదని బలవంతం చేయకండి. స్టీరింగు రాడ్లకు మాత్రం తాడు కట్టొద్దు. బయటపడ్డాక మళ్ళీ గాలి కొట్టే చిన్న కంప్రెసరు క్లబ్‌కు ఒకటి ఉండాలి.

యాభైమందికి పులిహోర, పప్పు, సాంబారు, పెరుగన్నం అనుకుంటే బియ్యం మొత్తం మీద 6 కిలోలు సరిపోతుంది. డిసెంబరు, జనవరి భోజనానికైతే పితికిపప్పు పెట్టకుండా ఉండొద్దు. మన జిల్లాల అనపగింజల కాలం అదే. యాభైమందికి ఒలిచిన గింజలు 5 కిలోలు. వాటిని ముందురోజు రాత్రి నీళ్ళలో నానబెట్టి తేవాలి. పొద్దున రెండు పెద్ద పళ్ళేలు మధ్యలో పెట్టి అందరినీ చుట్టూ కూర్చోబెట్టండి. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే తొక్క చేతిలో మిగిలి పచ్చటి పప్పు ఎగిరి పళ్ళెంలో పడుతుంది, సగం పక్కవాళ్ళ ఒళ్ళో పడుతుంది. పెద్దపదవిలో ఉన్న సభ్యుడూ, నిన్న చేరిన కుర్రాడూ ఒకే పళ్ళెం ముందు గంటసేపు కూర్చుంటారు. పరిచయ కార్యక్రమాలని మైకు పట్టుకుని పేర్లు చెప్పించడం కన్నా ఇది వెయ్యిరెట్లు నయం. సంగటి మాత్రం చేయడం వచ్చినవాళ్ళకే అప్పగించండి, పెద్దగుండిగలో ఉండలు కట్టకుండా తిప్పడం సరదా పని కాదు.

వానలో రోడ్డెక్కకూడని రోజులు

ఇది నిబంధనగా రాసి గ్రూపులో పిన్ చేయండి: వాతావరణ శాఖ మన జిల్లాకు ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఇస్తే డ్రైవ్ లేదు, ముందురోజు సాయంత్రం 6కి ఆ మాట చెప్పేయాలి, చర్చ లేదు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, తిరుపతి వీధులు మునిగి, రాయలచెరువు కట్టకు ముప్పు వచ్చిన రోజులు గుర్తున్నవాళ్ళెవరూ దీనికి అడ్డు చెప్పరు. రైల్వే అండర్‌బ్రిడ్జిలు, స్వర్ణముఖి మీది కాజ్‌వేలు వానరోజు దారిలో ఉండకూడదు.

తప్పనిసరిగా నీళ్ళు దాటాల్సివస్తే, నిలిచిన నీళ్ళయి ఉండాలి, చక్రం మధ్య బొడిపె కన్నా తక్కువ లోతుండాలి. మొదటి గేరు, నడిచే వేగం, మధ్యలో ఆపకూడదు, గేరు మార్చకూడదు. పారే నీళ్ళయితే లోతెంతున్నా వెనక్కి తిరగడమే. నీళ్ళలో ఇంజన్ ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్లోకి నీళ్ళు చేరి ఉంటే అవి అణగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఇంజన్ మొత్తం విప్పాల్సిన ఖర్చు అవుతుంది. తోసుకుని బయటికి తెచ్చి, టోయింగ్ బండిని పిలవండి. దాటాక బ్రేకు మెల్లగా రెండు మూడుసార్లు తొక్కుతూ ఆరబెట్టుకోవాలి.

తిరుమల డ్రైవ్‌ను క్లబ్ కార్యక్రమంగా పెట్టకండి. అలిపిరి తనిఖీ దగ్గరే వరస చెదిరిపోతుంది, పైన ఒక్కొక్కరి దర్శనం ఒక్కో వేళకు, ఘాట్‌లో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కన్నా ముందు చేరితే జరిమానా. వెళ్ళేవాళ్ళు ఎవరికి వాళ్ళు వెళ్ళిరావడమే బాగుంటుంది.

డిసెంబరు చివర: ఊరు కదలని పని

వైకుంఠ ఏకాదశి, జనవరి 1 వారాల్లో తిరుపతి నుంచి బండి బయటికి తీయడమే పని. అప్పుడు మండపంలో బల్లల మీద ర్యాలీ పెట్టండి. ఇది జనవరిలో రోడ్డు మీద జరపబోయే టైమ్-స్పీడ్-డిస్టెన్స్ ర్యాలీకి తాలీము. అందులో పోటీ వేగంలో కాదు, చెప్పిన సగటు వేగంతో సరిగ్గా వేళకు చేరడంలో. ఒక్కో జట్టుకు రూట్ కార్డు, కాలిక్యులేటరు, పెన్సిలు. రూట్ కార్డులో ప్రతి మలుపుకు ఒక చిన్న బొమ్మ ఉంటుంది: కింది చుక్క మనం వచ్చే వైపు, బాణం మనం పోయే వైపు, పక్కన అప్పటిదాకా అయిన కిలోమీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల సగటుతో 12.4 కిలోమీటర్ల మలుపుకు ఎన్ని నిమిషాలకు చేరాలి? 24 నిమిషాల 48 సెకన్లు. ఇలాంటివి ఇరవై లెక్కలు ఇస్తే గంటన్నర గడుస్తుంది. బడిపిల్లలు పెద్దవాళ్ళను ఓడిస్తారు, ఇంటికెళ్ళి మళ్ళీ ఎప్పుడని అడిగేదీ వాళ్ళే.

అదే సమయంలో ఫ్యాక్టరీలకు ఉత్తరాలు రాసి పెట్టండి. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు, శ్రీసిటీలో ఇసుజు పికప్‌లు, సత్యవేడు వైపు చినపాండూరులో అపోలో టైర్లు తయారవుతాయి. కారు క్లబ్‌కు ఇంతకంటే దగ్గరి బంధువులు దొరకరు. క్లబ్ లెటర్‌హెడ్ మీద, వచ్చేవాళ్ళ సంఖ్య, గుర్తింపు కార్డుల వివరాలతో కనీసం నెలన్నర ముందు అడగాలి. ఒప్పుకోకపోవచ్చు, అడగడంలో తప్పులేదు. పిల్లల్ని లోపలికి అనుమతించే అవకాశం తక్కువ, వాళ్ళకు అదేరోజు అలిపిరి రోడ్డులోని సైన్స్ సెంటరో, ఎస్వీ జూ పార్కో చూపిస్తే సరిపోతుంది.

సంక్రాంతి దాటాక రోడ్డు

భోగికి ముందు వారం, కనుమ దాకా హైవేలు ఊళ్ళకు పోయేవాళ్ళవి. కనుమనాడు రంగంపేట పశువుల పండగకు చంద్రగిరి వైపు జనం పోటెత్తుతారు. ఆ తర్వాతి ఆదివారం నుంచి మొదలుపెట్టండి. అప్పటికి వానలు తగ్గి, పగలు హాయిగా ఉంటుంది.

ఆరు బండ్లను ఒక గుంపు చేయండి. పద్దెనిమిది వస్తే మూడు గుంపులు, పదేసి నిమిషాల తేడాతో బయల్దేరాలి. ఒకే వరసలో పద్దెనిమిది పోతే మధ్యలో లారీలు దూరతాయి, వాటిని దాటడానికి చివరివాళ్ళు తొందరపడతారు. గుంపులో పనిచేసే సూత్రం ఒక్కటే: మీ వెనక బండికి బాధ్యులు మీరు. మలుపు దగ్గర వెనకవాళ్ళు మిమ్మల్ని చూసేదాకా ఆగండి. మలుపులో వాళ్ళ ముందుబండి కనిపిస్తుంది కాబట్టి ఎవరూ తప్పిపోరు, వేగం పెంచాల్సిన పనీ ఉండదు. చివరి బండిలో అనుభవమున్న డ్రైవరు, టూల్ కిట్, మందుల పెట్టె. నడిచే బండ్లకు నాలుగు ఇండికేటర్లు వేసి "కాన్వాయ్" అనిపించుకోవద్దు. అవి ఆగిన బండికి గుర్తు. పైగా మలుపు తిరుగుతున్నారో లేదో వెనకవాళ్ళకు తెలియదు.

మొదటి డ్రైవ్ దగ్గరిదే పెట్టండి: చంద్రగిరి కోట, అక్కడినుంచి కల్యాణి డ్యాం, తిరిగి ఇంటికి. 10:30కల్లా అయిపోవాలి. రెండోది హార్స్‌లీ హిల్స్. భాకరాపేట ఘాట్ మీదుగా పోతారు కాబట్టి ఎక్కిన గేరులోనే దిగాలన్న మాట బయల్దేరేముందే చెప్పాలి. పైన నాలుగువేల అడుగుల ఎత్తులో తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది. గాలి ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గితే టైరు గాలి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది, కాబట్టి కొండ మీద రాత్రి ఉండి పొద్దున లేచేసరికి డాష్‌బోర్డులో టైరు లైటు వెలిగితే పంక్చరని బెంబేలెత్తకండి, గేజీతో చూడండి. అద్దం లోపల ఆవిరి పడితే చేత్తో తుడవొద్దు. ఏసీ వేసి, గాలిని అద్దం వైపు తిప్పి, లోపలి గాలే తిరిగే బటన్ తీసేయండి.

పలమనేరు, మొగిలి ఘాట్ వైపు పొద్దున పొగమంచు ఉంటుంది. 7:30కు ముందు ఆ దారి పట్టకండి, పట్టినా డిమ్‌లైట్లే. హై బీమ్ వేస్తే మంచు తెల్లగోడలా ముందు నిలబడుతుంది. పలమనేరు, కుప్పం మధ్య కౌండిన్య అభయారణ్యం ఏనుగులు రోడ్డు దాటుతుంటాయి. డిసెంబరు, జనవరుల్లో చీకటి ఆరింటికే పడుతుంది కాబట్టి అటు వెళ్ళినవాళ్ళు 5కల్లా అడవి దాటి ఉండాలి.

రోడ్డు ర్యాలీకి 60 కిలోమీటర్లు, 30 సగటు, చేరిన వేళ రాసుకునే మూడు కంట్రోల్ పాయింట్లు చాలు. ఆలస్యానికి నిమిషానికి 1 పాయింటు, ముందొస్తే నిమిషానికి 2 పాయింట్లు కోత; వేగంగా పోవాలన్న ఆశే ఉండదు. ఓడోమీటర్లు ఒక్కో బండికి ఒక్కోలా తప్పు చూపిస్తాయి కాబట్టి మొదటి 10 కిలోమీటర్లు కొలిచి సరిచూసుకునే దారిగా ఇవ్వండి. దారిలో ఉన్న పోలీస్ స్టేషన్లకు ముందే రాతపూర్వకంగా చెప్పి, అభ్యంతరముంటే దారి మార్చాలి.

ఫిబ్రవరికి సూళ్ళూరుపేట దారి ఉంచుకోండి. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా దాదాపు 90 కిలోమీటర్లు. నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు ఆ నెలల్లో ఉంటాయి. తిరుపతిలో 5:30కి బయల్దేరితే 7:30కి సరస్సు దగ్గర ఉంటారు, ఎండెక్కితే పక్షులు దూరం జరుగుతాయి. బైనాక్యులర్ రెండు బండ్లకు ఒకటైనా ఉండాలి. హారన్ కొట్టొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. వానలు ఆగి గడ్డి ఎండి ఉంటుంది కాబట్టి బండ్లు దానిమీద నిలపకండి, వేడి సైలెన్సరుకు గడ్డి అంటుకుంటుంది. తేదీ మాత్రం శివరాత్రికి పది రోజుల ముందే పెట్టుకోండి. శ్రీకాళహస్తి బ్రహ్మోత్సవాలు మొదలయ్యాక ఆ ఊరు దాటడానికే గంట పడుతుంది, రేణిగుంట నుంచే బండ్లు ఆగిపోతాయి.